మిగిలిపోయిన బిళ్ళ

"కేకు పై పొర పెట్టవే! గుజ్జు ఎండి నల్లబడుతోంది. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అంది మర్టిల్.

"పెట్టను వదినా," అంది అర్డెల్లా.

"నేను ఒకటి ఎక్కువే చేసుకొచ్చాను. ఇదిగో, నా చేతిలోనే ఉంది. పెట్టి గుడ్డ కప్పేస్తే గొడవ వదిలిపోతుంది."

"నీ పొర అడుగున ఉంది కదా. ఒక ఇంటికి ఒకటే."

"ఆ లెక్కన నీ కూతురిల్లు కూడా ఒక ఇల్లే. అక్కణ్ణించి వచ్చిందా? వచ్చే సూచనలు ఉన్నాయా?"

అర్డెల్లా బల్ల మీద ఉన్న దొంతర కేకు చుట్టూ తిరిగి, అంచుల వెంట కారిన గుజ్జును వేలితో తుడిచి, వేలు నోట్లో పెట్టుకుంది. ఈ లోయలో పెళ్ళి కేకు కొనరు. ఊరి ఇళ్ళవాళ్ళు తీపిజొన్న కర్రల పాకం కలిపిన పిండితో తలా ఒక పొర కాల్చి తెస్తారు. పెళ్ళివారింట్లో మధ్య మధ్య ఎండు యాపిల్ గుజ్జు రాసి పేరుస్తారు. కాల్చినప్పుడు చెక్కలా ఉండే పొరలు రెండు రోజులు గుడ్డ కింద కూచుంటే గుజ్జు తడి పీల్చుకుని మెత్తబడతాయి. అన్నిటికన్నా పైన పెట్టే పొర మాత్రం పెళ్ళికూతురి సొంత మనుషులది. కన్నవాళ్ళుంటే కన్నవాళ్ళది, వాళ్ళు పోతే కడుపున పుట్టినవాళ్ళది.

అర్డెల్లాకు అరవై దాటాయి. కన్నవాళ్ళు ఎప్పుడో పోయారు. మిగిలింది రూతీ ఒక్కతే.

ఆ రూతీ పోయిన ఆదివారం ఇదే వంటింట్లో ఇదే బల్ల మీద చెయ్యి చరిచి వెళ్ళిపోయింది. "పెళ్ళి చేసుకుంటానంటే నేనేమీ అనను. కానీ అక్కడ చేసుకుంటావా? గని నోటి ముందు? నాన్న ఇంకా ఆ లోపలే ఉన్నాడమ్మా!" అన్న మాటలు ఈ గోడల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"నా తమ్ముడి పెళ్ళాన్ని నేనే దగ్గరుండి సాగనంపుతుంటే దానికేం నొప్పి?" అంది మర్టిల్. ఆమె అర్డెల్లా పోయిన మొగుడు డెంటన్‌కి సొంత అక్క. నోరు పెద్దది, మనసు దానికన్నా పెద్దది. ఈ సంబంధం కుదిర్చింది కూడా ఒకరకంగా ఆవిడే. "డెంటన్ పోయి పాతికేళ్ళు కావస్తోంది. హోబర్ట్ ఆ పాతికేళ్ళూ నీ ఇంటి గేటు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. లోపలికి రమ్మనడానికి నీకు ఇన్నాళ్ళు పట్టింది. ఇంకా ఆలస్యం చేస్తే ఇద్దరికీ కలిపి ఒకటే చేతికర్ర కొనాల్సొస్తుంది."

అర్డెల్లాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండిట్నీ దాచుకోవడానికి ఫోన్ దగ్గరికి వెళ్ళింది.

రూతీ ఫోన్ ఎత్తింది. ఎత్తింది గానీ మాట్లాడలేదు.

"రూతీ, రైలుబండి పదింటికి," అంది అర్డెల్లా.

అవతల గిన్నె గీకిన చప్పుడు.

"నువ్వు వస్తావని పైన ఖాళీ ఉంచాను తల్లీ."

ఓవెన్ తలుపు మూసిన చప్పుడు మాత్రం వినిపించింది. తరవాత ఫోన్ పెట్టేసింది.

"ఏమంది?" అంది మర్టిల్.

"ఏమీ అనలేదు. ఏదో కాలుస్తోంది."

"మధ్యాహ్నానికి కోడిని కాల్చుకుంటోంది కాబోలు. అమ్మ పెళ్ళి రోజున దానికి ఆకలెక్కువైంది!"

అర్డెల్లా కేకు మీద ఉతికిన తెల్లగుడ్డ కప్పింది. గుజ్జుకి అంటుకోకుండా నాలుగు వైపులా పుల్లలు నిలబెట్టి, వాటి మీదుగా కప్పింది. మర్టిల్ అది చూసి, తను తెచ్చిన పొరను కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకుంది.

*

కెర్న్స్ ఫోర్క్ స్టేషన్‌లో ఆ శనివారం జనం కిటకిటలాడుతున్నారు. బొగ్గు తవ్వడం ఆగిపోయాక ఊళ్ళో మిగిలిన బతుకుతెరువు ఈ బండి ఒక్కటే. కొండలు ఎర్రగా, పసుప్పచ్చగా మారే ఈ నెలలో దీన్ని పెళ్ళిరైలు అంటారు. అద్దె గౌన్లలో పెళ్ళికూతురు, కోరమీసం అంటించుకున్న పెళ్ళికొడుకు, ఫిడేలు వాయించేవాళ్ళు, అందరూ నటులే. పట్నాలనుంచి వచ్చినవాళ్ళు టికెట్టు కొనుక్కుని, పాతకాలపు గని క్యాంపులో పెళ్ళెలా జరిగేదో చూసి, మొక్కజొన్న రొట్టె తిని వెళ్తారు. అర్డెల్లా మూడేళ్ళుగా ఇందులో కేకు పంచే ఆవిడ వేషం వేస్తోంది. ఈ వారం మాత్రం వేషాల తరవాత నిజం పెళ్ళి అని బోర్డు రాశారు. ఆ బోర్డు చూసే రూతీకి ఇంకాస్త ఒళ్ళు మండింది.

హోబర్ట్ మెట్టు పక్కన నిలబడి ఎక్కేవాళ్ళకి ఇత్తడి బిళ్ళలు ఇస్తున్నాడు. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో నంబరు. గార్డు కోటు ఇస్త్రీ చేసుకున్నాడు, మెడకి చిన్న టై కట్టుకున్నాడు.

"అందరూ వినండి. క్యాంపులో దిగగానే బండి పక్కనున్న చెక్క పలక మేకులకి ఎవరి బిళ్ళ వాళ్ళు తగిలించాలి. ఎక్కేటప్పుడు ఎవరిది వాళ్ళే తీసుకోవాలి. మొగుడిది పెళ్ళాం తీయకూడదు, పెళ్ళాంది మొగుడు తీయకూడదు. పలక మీద ఒక్క బిళ్ళ మిగిలినా బండి కదలదు," అన్నాడు.

జనం నవ్వారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. హోబర్ట్ నవ్వలేదు. గని నడిచిన రోజుల్లో అతను పనివాళ్ళకి దీపాలిచ్చే లాంప్‌రూంలో పనిచేసేవాడు. గనిలోకి దిగేవాళ్ళు తగిలించిన బిళ్ళలు, పైకొచ్చాక తీసుకునే బిళ్ళలు చూసుకోవడమే అతని పని. గని కప్పు కూలిన రోజున సాయంత్రానికి అందరి బిళ్ళలూ ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. ఒక్కటి మిగిలింది. నలభై ఒకటి. డెంటన్‌ది.

హోబర్ట్ ఆ పలక ముందునుంచి ఇంటికి వెళ్ళలేదు. డెంటన్‌ని బయటికి తీయలేమని కంపెనీవాళ్ళు గని నోటికి సిమెంటు గోడ కట్టేదాకా అక్కడే కూచున్నాడు. ఎవరైనా ఆ బిళ్ళ తీయబోతే కొట్టినంత పని చేశాడు. చివరికి అతను లేని పూట చూసి ఎవడో గుమాస్తా దాన్ని తీసి, కవరులో పెట్టి అర్డెల్లాకి పోస్టులో పంపాడు. ఆ కవరు ఇప్పుడు రూతీ దగ్గర ఉంది.

"వచ్చిందా?" అన్నాడు హోబర్ట్ మెల్లగా, అర్డెల్లా దగ్గరికి రాగానే.

"లేదు."

"ఇంకా టైముంది."

"నువ్వు గడియారం చూస్తూనే ఆ మాటంటున్నావు."

"చూడ్డం అలవాటు. నమ్మడం కాదు," అన్నాడతను. కేకు పెట్టెకి తన చేతులతో తాడు కట్టి సామాన్ల పెట్టెలో భద్రంగా పెట్టించాడు. "బాగున్నావు ఇవాళ," అన్నాడు, ఎటో చూస్తూ.

"అబద్ధం. రాత్రంతా నిద్రలేదు."

"అందుకే కళ్ళు పెద్దగా కనిపిస్తున్నాయి."

పక్కన మర్టిల్ కిసుక్కున నవ్వింది. "ఆ మాత్రం సరసం పాతికేళ్ళ కింద ఆడుంటే పిల్లలు కూడా పుట్టుండేవాళ్ళు. ఎక్కండి!"

కూత వేసింది. బండి కదిలింది. అర్డెల్లా మొదటి పెట్టెలో కిటికీ పక్కన కూచుని ప్లాట్‌ఫారం చివరిదాకా చూసింది. అక్కడ రూతీ లేదు. చివరి పెట్టెలో ఎవరెక్కారో మొదటి పెట్టెలోంచి కనిపించదు.

*

క్యాంపుకి రోడ్డు లేదు. ఉన్నది వరదల్లో కొట్టుకుపోయింది. బండి దిగితే నాలుగైదు పాడుపడ్డ ఇళ్ళు, ఒక చిన్న చర్చి, పైన కొండ మొగాన సిమెంటు గోడ. అంతే. వచ్చినవాళ్ళు కలకలలాడుతూ బిళ్ళలు తగిలించి చర్చి వైపు పరిగెత్తారు. ఫిడేళ్ళు మోగాయి. వేషాల పెళ్ళి అయిపోయింది. చప్పట్లు కొట్టారు.

తరవాత పాస్టరుగారు గొంతు సవరించుకుని అర్డెల్లా వైపు చూశాడు. జనమంతా చూశారు. ఫోన్లు పైకి లేచాయి.

అర్డెల్లా కేకు బల్ల వెనక నిలబడి ఉంది. గుడ్డ తీయలేదు.

"నేను రాను, హోబర్ట్," అంది.

అతను ఆమె దగ్గరికి వచ్చాడు. అందరికీ వీపు పెట్టి, ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"నా మీద కోపమా?"

"నీ మీదెందుకు? నా పిల్ల రానిదే నేను అక్కడికొచ్చి నిలబడలేను. అది ఒప్పుకోకపోయినా సరే, వచ్చి మొహం మాడ్చుకుని కూచున్నా సరే, ఉండాలి. లేకపోతే దాన్ని కూడా ఈ కొండలో వదిలేసి వెళ్ళినట్టు ఉంటుంది నాకు."

హోబర్ట్ తన టోపీ అంచు రెండు చుట్లు తిప్పాడు.

"సరే," అన్నాడు చివరికి.

"సరే అంటే?"

"సరే అంటే సరే. గేటు దగ్గర నిలబడ్డం నాకు కొత్తా? ఇంకొన్నాళ్ళు నిలబడతాను."

అతను ఒక్క మాట కసిరి ఉంటే అర్డెల్లాకి ఇంత బాధ ఉండేది కాదు.

మర్టిల్ ఊరుకోలేదు. పాస్టరుగారి మీద, కొండ మీద, రూతీ మీద, రూతీని కన్నందుకు అర్డెల్లా మీద వరసగా విరుచుకుపడింది. జనం ఇదీ నాటకమే అనుకుని ఇంకోసారి చప్పట్లు కొట్టారు. ఎవరిని తిట్టాలో తెలియక ఆవిడ వాళ్ళనీ తిట్టింది.

*

బండెక్కే వేళయింది. ఒక్కొక్కరూ పలక దగ్గరికి వచ్చి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని ఎక్కారు. కేకు పెట్టెను మర్టిల్ ఎక్కించబోతోంది. హోబర్ట్ పలక ముందు నిలబడ్డాడు. జెండా ఊపలేదు.

ఇంజన్ దగ్గరినుంచి మేనేజరమ్మాయి కెల్సీ వచ్చింది. "ఏమైంది? అందరూ ఎక్కేశారు కదా!"

"ఒక బిళ్ళ ఉంది."

"ఎవరో మర్చిపోయి ఉంటారు. పర్వాలేదు, వెళ్ళిపోదాం. వాళ్ళు బండిలోనే ఉంటారు."

"బిళ్ళ ఉంటే మనిషి లోపలున్నట్టు," అన్నాడు హోబర్ట్.

అర్డెల్లా అప్పుడు దగ్గరికి వెళ్ళి చూసింది.

అది ఇవాళ పంచిన తళతళలాడే బిళ్ళ కాదు. నల్లబడి, అంచు సొట్టపోయిన పాత బిళ్ళ. మధ్యలో నలభై ఒకటి.

ఆమె పలక పట్టుకుంది. పాతికేళ్ళ కిందటి సాయంత్రం ఇలాగే, ఇక్కడే, ఇదే అంకెను చూస్తూ నిలబడింది. పక్కన పదేళ్ళ రూతీ అర్డెల్లా గౌను అంచు గుప్పిట్లో నలిపేస్తూ, "నాన్న బిళ్ళ తీసుకోవడం మర్చిపోయాడా అమ్మా?" అని అడుగుతూనే ఉంది. అవునమ్మా, మర్చిపోయాడు, వచ్చేస్తాడు అని చెప్పింది తను. తరవాత ఆ మాటను ఎన్నడూ దిద్దలేదు.

"రూతీ వచ్చింది," అంది అర్డెల్లా.

"నేను వెళ్ళి తీసుకొస్తా," అన్నాడు హోబర్ట్.

"వద్దు. నువ్వు ఇక్కడే ఉండు. పలక వదలకు."

"వదల్ను," అన్నాడతను.

*

గోడ ముందు రాళ్ళ మీద రూతీ కూచుని ఉంది. ఒళ్ళో గళ్ళ గుడ్డలో ఏదో గుండ్రంగా చుట్టి పెట్టుకుంది. తల్లిని చూసి లేవలేదు. తల్లి పక్కన కూచుంటే జరిగి చోటిచ్చింది.

"చలేస్తోందా?" అంది అర్డెల్లా.

"లేదు."

"కోటు లేకుండా వచ్చావు."

"అమ్మా, కోటు సంగతి తరవాత. పెళ్ళయిందా?"

"అవలేదు. నువ్వు లేకుండా ఎలా అవుతుంది?"

రూతీ తల తిప్పి చూసింది. ఆ మాటకు ఆమె సిద్ధంగా లేదు. "అయిపోతుందనుకున్నా. అయిపోయాక దిగి వద్దామనుకున్నా. చూడకుండా ఉంటే సరిపోతుందనుకున్నా."

"మరి ఆ బిళ్ళ ఎందుకు తగిలించావు?"

రూతీ ఒళ్ళో గుడ్డ అంచు సర్దుకుంది.

"ఇన్నేళ్ళూ నా బీరువాలో ఉంది. ఎప్పుడు తీసి చూసినా ఒకటే అనిపించేది. దీన్ని ఎవరూ సరిగ్గా తీయలేదు. ఎవడో గుమాస్తా పీకి కవరులో పడేశాడు. నాన్న తీసుకోలేదు. మనం తీసుకోలేదు. ఇవాళ నువ్వు ఇక్కణ్ణించి వేరే ఇంటికి వెళ్ళిపోతావు కదా. ఆ తరవాత నాన్న లోపలున్నాడని గుర్తుపెట్టుకునేది నేనొక్కదాన్నే అనిపించింది. బండిని ఆపాలనిపించింది. ఒక్కసారైనా ఎవరో ఒకరు నాన్న కోసం బండి ఆపితే బాగుండనిపించింది. చిన్నపిల్ల చేష్టలే. నాకు తెలుసు."

"ఆపాడు," అంది అర్డెల్లా.

"ఎవరు?"

"హోబర్ట్. కెల్సీ పోదామంటోంది, జనం గోల పెడుతున్నారు. ఆయన కదల్లేదు. ఆ రోజూ కదల్లేదు తల్లీ. నువ్వు చిన్నదానివి. నిన్ను ఇంటికి పంపేశాం. ఆయన మాత్రం గోడ కట్టేదాకా పలక దగ్గరే కూచున్నాడు. నేను తిండి తీసుకెళ్తే నాన్న వచ్చాక తింటానన్నాడు."

రూతీ తల్లి వైపు పూర్తిగా తిరిగింది. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"నాన్న వచ్చేస్తాడని నీకు చెప్పాను కదా. ఇది చెబితే అది అబద్ధమని తేలిపోతుంది. భయపడ్డాను. నీ కోసమనుకున్నాను గానీ, నా కోసమే."

రూతీ తల్లి భుజం మీద తల ఆనించింది. అంత పెద్ద మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. అర్డెల్లా వీపు నిమురుతూ కూచుంది. కింద బండి రెండుసార్లు కూత వేసింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"ఒళ్ళో ఏమిటది?" అంది అర్డెల్లా కాసేపయ్యాక.

"ఏమిటో నీకు తెలీదా?" రూతీ ముక్కు తుడుచుకుని గుడ్డ విప్పింది. బాగా కాలిన, ఎర్రటి పొర. అంచులకి ఫోర్కుతో నొక్కిన గీతలు. "పొద్దున్నే చేశాను. నువ్వు ఫోన్ చేసినప్పుడే ఓవెన్లో పెట్టాను. పనికిరాదులే అమ్మా, చెక్కలా ఉంది. రెండు రోజుల ముందే తేవాల్సింది."

"తేవాల్సింది," అంది అర్డెల్లా. "పద."

*

వాళ్ళు దిగి వచ్చేసరికి కిటికీల నిండా మొహాలే. హోబర్ట్ పలక పక్కనే ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. రూతీని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

నెలరోజులుగా రూతీ అతన్ని వరస పెట్టి పిలవలేదు. ఆ మనిషి, ఆయన, అంతే. చిన్నప్పుడు అతని భుజాలెక్కి ఊరేగిన పిల్ల.

"తిన్నావా బాబాయ్?" అంది రూతీ.

హోబర్ట్ తల అడ్డంగా ఊపాడు.

"అయ్యో, పెళ్ళికొడుకు పస్తా!" అంది మర్టిల్. కళ్ళు ఒత్తుకుంటూ మేనకోడలి వీపు మీద ఒక్కటి వేసింది. "పొద్దుటినుంచి నా చేత ఎంతమందిని తిట్టించావే!"

"నాకింకా పూర్తిగా ఒప్పుదలగా లేదు అత్తా," అంది రూతీ. "ముందే చెబుతున్నా."

"ఎవరికి ఒప్పుదల? నాకు కూడా వీడి టై నచ్చలేదు. ఏం చేస్తాం?"

కెల్సీ గడియారం చూసుకుంటూ ముందుకు వచ్చింది. "మరి ఆ బిళ్ళ తీసేస్తే వెళ్ళిపోవచ్చా?"

రూతీ హోబర్ట్ వైపు చూసింది. "నువ్వు తియ్యి బాబాయ్. తీసే హక్కు నీకే ఉంది."

"ఇంకొకడి బిళ్ళ నేను ముట్టనమ్మా. ఆ రోజే ముట్టలేదు."

రూతీ తల్లి వైపు చూసింది. అర్డెల్లా చెయ్యి చాపింది. వేళ్ళు ఇత్తడికి తగిలాయి. చల్లగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉండనీ," అంది. "కేకు కిందికి దింపు వదినా. పాస్టరుగారిని కూడా దిగమను."

"ఇప్పుడా?" అన్నాడు హోబర్ట్.

"ఇప్పుడే. డెంటన్ బిళ్ళ పలక మీద ఉండగానే. దొంగచాటుగా చేసుకోవడం నావల్ల కాదు. ఆయనా ఉన్నాడనే అనుకుంటాను."

మర్టిల్ గుడ్డ తీసింది. పైన గుజ్జు కొంచెం నల్లబడింది, కొంచెం ఎండింది. రూతీ తన పొరను రెండు చేతులతో దాని మీద పెట్టింది. పొర సరిగ్గా కూచోలేదు. ఒక పక్కకి ఎత్తుగా నిలబడింది. కింది పొరలన్నీ మెత్తగా ఒదిగిపోయి ఉన్నాయి, ఇదొక్కటే బిర్రబిగుసుకుని ఉంది. అర్డెల్లా తన అరచెయ్యి దాని మీద ఆనించి మెల్లగా నొక్కింది. అంచుల వెంబడి గుజ్జు పైకి ఉబికింది.

"మెత్తబడుతుంది. దానికీ కాస్త టైమివ్వాలి," అంది.

జనం మళ్ళీ దిగారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దిగినవాళ్ళు దిగినట్టు, ఎవరూ చెప్పకుండానే, తమ బిళ్ళలు మళ్ళీ పలకకి తగిలించారు. కొత్త బిళ్ళల మధ్య ఆ నల్లటిది ఒక్కటిగా కనిపించడం మానేసింది.

పాస్టరుగారు పుస్తకం తెరిచాడు. హోబర్ట్ అర్డెల్లా పక్కన నిలబడ్డాడు. రూతీ తల్లికి రెండో పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, చెవి దగ్గర వంగి గుసగుసగా అడిగింది.

"అయిపోయాక అందరూ ఎవరిది వాళ్ళు తీసుకుంటారు కదమ్మా. నాన్నది ఎవరు తీస్తారు?"

అర్డెల్లా ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. పలక వైపు చూసింది. ఈసారి కూతురికి అబద్ధం చెప్పదలచుకోలేదు. చెప్పడానికి నిజం ఏమిటో ఆమెకింకా తెలియదు.

"వధువు ముందుకు రావాలి," అన్నాడు పాస్టరుగారు.